మూడు చుట్లు కుడికి, ఒకటి వెనక్కి

మా కనోంగో ఊళ్లో చెంజెరై పేరు ఇప్పుడు ఎవరూ పలకరు. "పెద్దాయన్ని కాల్చినవాడు" అంటారు, అదీ గొంతు తగ్గించి. అతను దారిలో ఎదురైతే నీళ్లకు వెళ్లే ఆడవాళ్లు ముఖం తిప్పుకుంటారు. నేను మాత్రం అతని ఇంటికి వెళ్తాను, అతని పొయ్యి పక్కన కూర్చుని సంకటి తింటాను. నన్ను కూడా వెలివేస్తారట, వెయ్యమనండి. పద్దెనిమిదేళ్లు వేటక్యాంపులో దొరలకు వండిపెట్టిన ఫిలెమోన్‌ని నేను. ఊరి మూతివిరుపులకు జడిసే వయసు ఎప్పుడో దాటింది. ఆ రోజుల్లో ఏం జరిగిందో మొదటినుంచీ చూసినవాళ్లం ఇద్దరమే. చెంజెరై నోరు విప్పడు. ఎవరికోసం దాచామో ఆ మనిషి ఇప్పుడు ఊళ్లో లేడు. అందుకని నేను చెబుతున్నాను.

చెంజెరై అంటే మా భాషలో "జాగ్రత్తగా ఉండండి" అని. యుద్ధం రోజుల్లో పుడితే వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. తండ్రి ఉచ్చులు వేసి పిల్లల్ని సాకిన మనిషి. జింకలు నడిచే దారిలో ఎంత ఎత్తున తీగ కట్టాలో, చేతి వాసన పోవడానికి తీగకు ఏ ఆకు రుద్దాలో ఆయనకు తెలిసినట్టు ఈ జాంబెజి లోయలో ఇంకొకరికి తెలియదనేవారు. ఆ విద్య కొడుక్కి వచ్చింది. ఇరవయ్యారేళ్ల వయసులో చెంజెరై ఒక ఇంపాలా జింకను భుజాన వేసుకుని వస్తూ గస్తీవాళ్లకు దొరికాడు. క్యాంపు యజమాని అతన్ని పోలీసులకు అప్పగించలేదు. అతను కట్టిన ఉచ్చును చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "వీడికి ఖాకీ బట్టలివ్వండి" అన్నాడు.

ఉచ్చు తీగ చివర ఒక చిన్న కన్ను తిప్పాలి. ఆ కంట్లోంచి తీగ జారితేనే ఉరి బిగుస్తుంది. ఆ కన్ను తిప్పడంలో ఒక్కొక్కడిది ఒక్కో చేతివాటం. ఒకడు ఐదు చుట్లు వదులుగా తిప్పుతాడు. ఇంకొకడు రెండే గట్టిగా తిప్పి కొస వంచేస్తాడు. తీగ చూస్తే చాలు, ఎవరి పనో చెంజెరైకి తెలిసిపోయేది. తెలిసినా మొదటిసారికి పట్టించేవాడు కాదు. ఆ తీగను చుట్టగా చుట్టి, తెల్లవారేసరికి ఆ మనిషి గుమ్మంలో పెట్టి, పక్కనే కూర్చుని దాహం వేస్తోందనేవాడు. అంతకంటే ఏమీ అనేవాడు కాదు. రెండోసారి దొరికితే మాత్రం బేడీలే.

ఒకసారి మా పక్కింటి ముసలాయన చిగుంబురా గుమ్మంలో అలాగే కూర్చున్నాడు. ముసలాయన బయటికొచ్చి, తీగను చూసి, చెంజెరైని చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నీళ్లిస్తా గానీ అబ్బాయ్, ఈ తీగేంటి ఇక్కడ పడుంది?"

"గాలికి కొట్టుకొచ్చినట్టుంది బాబాయ్. పారెయ్యకు. పిన్ని బట్టలారేసుకుంటుంది."

నిజంగానే ఆవిడ ఆ తీగ కట్టి ఏడాది పొడుగునా బట్టలారేసింది. దారిన పోయేవాళ్లంతా ముసలాయన చొక్కా వైపు చూసి నవ్వేవాళ్లు. ఆయన మళ్లీ అడవి వైపు తీగ పట్టుకుని పోలేదు. ఊరితో పేచీ లేకుండా అడవిని కాపాడటం అంటే అదీ అనిపించేది నాకు.

అతనికి ఒక్క అక్క, ముచనేత. మొగుడు పోయాక కొడుకు ఫుంగైని వెంటబెట్టుకుని తమ్ముడున్న ఊరికే వచ్చేసింది. ఫుంగై పెద్దవాడై, అప్పటికి గస్తీకి నాయకుడైన మామ దగ్గరే చేరాడు. కొత్తగా చేరినవాళ్లకు ఉచ్చు ఎలా వేస్తారో తెలిస్తేనే ఎక్కడ వెతకాలో తెలుస్తుందని చెంజెరై అందరి చేతా ఉచ్చులు కట్టించేవాడు. అయితే తమ తండ్రి తీగకు కన్ను తిప్పే పద్ధతి మాత్రం ఒక్క ఫుంగైకే నేర్పాడు. మూడు చుట్లు కుడికి, ఒకటి వెనక్కి. వెనక్కి తిప్పిన ఆ ఒక్క చుట్టు వల్ల బిగిసిన ఉరి మళ్లీ వదులవదు. ఇంటి విద్య ఇంట్లోనే ఉండాలని ముచ్చటపడ్డాడు, అంతే.

ఇక వేట సంగతి. దొరలు ఏటా ఎండాకాలంలో వచ్చేవాళ్లు. ఏనుగునో సింహాన్నో కాల్చి, దాని తలా తోలూ తమ దేశానికి పంపించుకునేవాళ్లు. వాళ్లంటే నాకేం ప్రేమ లేదు. చచ్చిన సింహం పక్కన ఫోటో కోసం మూడుసార్లు చొక్కా మార్చుకున్నవాణ్ణి చూశాను, ఆ పూట వాడికి వడ్డించడానికి నాకు చేతులు రాలేదు. కానీ వాళ్లు కట్టే డబ్బుతోనే ఇరవై రెండు మంది గస్తీవాళ్లకు జీతాలొచ్చేవి, బూట్లొచ్చేవి, జీపుకు డీజిలొచ్చేది. ఉచ్చులో చిక్కిన జంతువు కనబడితే నగరం నుంచి పశువుల డాక్టర్ని పిలిపించేవాళ్లు. ఆయన మత్తుసూది వేసి, తీగ కోసి, మందు రాసి వెళ్లేవాడు. రెండు సింహాలు అలా బతికి బయటపడటం నా కళ్లారా చూశాను.

తర్వాత సముద్రం అవతల దొరల దేశంలో చట్టం చేశారు. వేటాడిన జంతువు తల గానీ తోలు గానీ దంతం గానీ ఇక తమ దేశంలోకి రానివ్వమన్నారు. తల ఇంటికి తీసుకెళ్లలేనివాడు ఇంత దూరం వచ్చి నెత్తురు తాగే మా ఈగల చేత కుట్టించుకుంటాడా? ఆ ఏడు ఇద్దరొచ్చారు, మరుసటేడు ఒక్కడూ రాలేదు. చట్టం చేసినవాళ్లు చెడ్డవాళ్లని నేననను. సింహాల మీద జాలితోనే చేసి ఉంటారు. మా క్యాంపు నడిపే వేట కంపెనీ కూడా తక్కువది కాదు, మంచి రోజుల్లో ఊరికి రావలసిన వాటా దారిలోనే ఇంకిపోయేది. కానీ రేపటినుంచి ఈ అడవిలో ఎవరు నడవాలి, వాళ్లకు కూడు ఎవరు పెట్టాలి అన్నది ఆ చట్టం కాగితంలో ఎవరూ రాయలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కంపెనీ తాళం వేసుకుని పోయింది. నా వంట పోయింది. గస్తీని ఊరి మండలి చేతిలో పెట్టి, ఐదుగురికి మాత్రమే జీతమన్నారు. ఎవరిని తీసెయ్యాలో రాసివ్వమని కాగితం చెంజెరై చేతికే ఇచ్చారు. బంధుప్రీతి అన్న మాట రాకూడదని మొట్టమొదట మేనల్లుడి పేరే కొట్టేశాడు.

ఫుంగై నవ్వుతూనే అన్నాడు, నేను అక్కడే ఉన్నాను. "పోనీలే మామా, పేరు కొట్టెయ్యడానికి పెన్ను కూడా నా జేబులోంచే తీశావుగా. అదైనా తిరిగిచ్చెయ్."

ముచనేత నవ్వలేదు. "ఊరి నోటికి భయపడి నా కొడుకు నోటి దగ్గర కూడు లాగేశావు. మంచిపేరు తెచ్చుకున్నావు, వండుకు తిను దాన్ని" అంది.

ఆ ఎండాకాలంలోనే అడవి తీరు మారింది. మిగిలిన నలుగురూ తలో దిక్కు గస్తీకి పోతే, చెంజెరైకి తోడు నడిచేవాళ్లు లేక నేను వెళ్లడం మొదలుపెట్టాను. పనీపాటా లేనివాణ్ణి, ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ ఊరుకోదు. మా ఇద్దరికీ ఒక తుపాకి, నాలుగు తూటాలు. అంతకుముందు వారంలో రెండో మూడో దొరికే ఉచ్చులు ఒక్క పూటలో మోయలేనన్ని దొరికేవి. తీగ ఎక్కడిదా అని చూస్తే క్యాంపు చుట్టూ ఏనుగులు రాకుండా కట్టిన కంచెదే. కాపలా లేని కంచెను ఊరు ఊడదీసుకుంటోంది. అందులో కొత్త చేతివాటాలు కొన్ని, మాకు బాగా తెలిసినవి కొన్ని. తెలిసినవి మొన్నటిదాకా మా పక్కన ఖాకీ బట్టలతో నడిచినవాళ్లవి. గుమ్మాల్లో తీగ పెట్టడానికి చెంజెరైకి ముఖం చెల్లలేదు. వాళ్ల పేర్లు కొట్టేసింది తనే కదా.

గిన్నెకోళ్ల అరుపులు కూడా తగ్గిపోయాయి. ఎప్పుడు చూసినా ఆకాశంలో రాబందులే తిరిగేవి.

సెప్టెంబరు చివర ఒక ఉదయం మోపానె చెట్ల మధ్య ఒక చోట నేలంతా దున్నేసినట్టుంది. చెట్టు మొదట్లో బెరడు లేచిపోయింది, కొమ్మలు విరిగిపడ్డాయి. చెట్టుకు కట్టిన తీగ జానెడు మిగిలి, మిగతాది తెగిపోయింది. ఇసుకలో అడుగుల జాడ చూశాను. మగ సింహం. మెడలో ఉరితోనే తెంపుకుపోయింది.

చెంజెరై మోకాళ్ల మీద కూర్చుని చెట్టుకున్న కట్టును వేళ్లతో తడిమాడు. చెట్టు వైపు కూడా అదే కన్ను తిప్పుతారు. ఒకసారి తడిమి, మళ్లీ తడిమి, తీగ విప్పి జేబులో వేసుకున్నాడు.

"ఎవరిదన్నా?" అన్నాను.

"తెలీదు."

పద్దెనిమిదేళ్లలో ఆ మాట అతని నోట మొదటిసారి విన్నాను. అతను జేబులో వేసుకునేటప్పుడు నేనూ చూశాను. మూడు కుడికి, ఒకటి వెనక్కి.

అక్కడినుంచి మండలి ఆఫీసుకు నడిచి వెళ్లాం. డాక్టర్ని పిలిపించమని అడిగాడు. అక్కడి గుమస్తా మంచివాడే, కాగితం తీశాడు. "సింహం ఉచ్చులో పడిందా? అయితే కేసు పెట్టాలి. పోలీసులొస్తారు. తీగ దొరికిందా? ఎవరి పనో అనుమానముందా?"

"దూరం నుంచి చూశాను. సరిగ్గా చెప్పలేను. గాయం కాకపోయినా కాకపోవచ్చు" అని చెంజెరై లేచాడు.

బయటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. "ఏంటన్నా నువ్వు చేసింది? మెడలో తీగున్న సింహం జింకను పట్టలేదు. దానికి ఆకలేస్తే ఎటొస్తుందో నీకు నేను చెప్పాలా?"

"సింహం కేసంటే ఏళ్ల తరబడి జైలు. అక్కకు వాడొక్కడే. ముందు వాడి కూడు తీశాను, ఇప్పుడు వాణ్ణి కూడా తీసెయ్యమంటావా? దాన్ని నేనే వెతికి కాల్చేస్తాను. ఎవరికీ తెలియాల్సిన పనిలేదు."

చెప్పి ఉంటే డాక్టరు వచ్చేవాడా? డీజిలు లేదనేవాళ్లేమో, ఏమో. కానీ చెప్పలేదు. అతన్ని ఆపకుండా వెంట నడిచినందుకు నాకూ అందులో వాటా ఉంది.

అక్టోబరు వచ్చింది, మాకు వానలు మొదలయ్యేది దాని తర్వాతే. వానలకు ముందు మా దగ్గర జొన్నల బీరు కాచి పోయిన పెద్దలకు ఇస్తాం. ముట్లుడిగిన ఆడవాళ్లే దాన్ని కాయాలి, ఏడు రోజులు పడుతుంది. మా ఊళ్లో ఆ పని ముచనేతది. ఈ లోయను గెలిచిన మా తొలి నాయకుడు చనిపోయాక సింహమై తిరుగుతున్నాడని మా నమ్మకం. ఆయన్నే పెద్దాయన అంటాం. మామూలు సింహం మనిషిని చూస్తే పారిపోతుంది, లేదా మీద పడుతుంది. పెద్దాయన మాత్రం అలా కాదు, పట్టపగలు వస్తాడు, నిలబడి చూస్తాడు, తన దారిన పోతాడు. అప్పుడు పరుగెత్తకూడదు. చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు డొప్పలా చేసి మెల్లగా చప్పట్లు కొట్టాలి. మాకు దణ్ణమన్నా కృతజ్ఞతన్నా ఆ చప్పట్లే. ఎవరైనా ఏదైనా ఇస్తే పుచ్చుకునే ముందు ఒకసారి కొడతాం, పుచ్చుకున్నాక మళ్లీ కొడతాం.

బీరు పెట్టిన మూడో రోజు పొద్దున ఏటి రేవు అవతల సింహం కనబడింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు, అంత చిక్కిపోయి ఉంది. నల్లటి జూలు మెడనంతా కప్పేసింది. నీళ్లకొచ్చిన ఆడవాళ్లను చూసి అది కదల్లేదు. పాతిక అడుగుల దూరంలో నిలబడి, తల కొంచెం పక్కకు వాల్చి, అలా చూస్తూ ఉండిపోయింది. ముచనేత ముందుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. వెనక అందరూ కొట్టారు. అది చాలాసేపు చూసి, పొదల్లోకి నడిచిపోయింది.

ఊరంతా పండగైపోయింది. "బీరు వాసనకు వచ్చాడమ్మా పెద్దాయన! ఈ ఏడు వానలకు తిరుగులేదు" అన్నారు. ముచనేత ముఖం నెలల తర్వాత వెలిగింది. ఏడో రోజు పొద్దున మొదటి సొరబుర్ర బీరూ, నశ్యమూ తనే స్వయంగా ఆయన ముందు పెడతానని అందరి ముందూ చెప్పింది.

చెంజెరై పరుగున వెళ్లాడు. "అక్కా, అది పెద్దాయన కాదు. జబ్బు చేసిన జంతువు. దాని దగ్గరికి పోకు."

"నీకెలా తెలుసు? నాడి చూశావా?"

"పారిపోకపోవడం ఒక్కటే చూశావు నువ్వు. దానికి పరుగెత్తే ఓపిక లేదే."

"పద్దెనిమిదేళ్లు దొరల వెనక తిరిగావుగా. సింహం అంటే నీకు తలా, తోలూ. మాకు తాత. పో, నీ తుపాకి తుడుచుకో."

అక్కడ అతను చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. దాని మెడలో తీగ ఉంది అని. అది చెబితే తర్వాతి ప్రశ్న ఎవరు కట్టారని. ఆమె వెనక అరుగు మీద ఫుంగై కూర్చుని గొడ్డలికి పిడి దూరుస్తున్నాడు. చెంజెరై వాడి వైపు ఒకసారి చూసి నోరు మూసుకున్నాడు.

నాలుగు రోజులు మాత్రమే ఉన్నాయి. బీరు పెట్టిన నాలుగో రోజంతా జాడ పట్టుకుని తిరిగాం, రాళ్ల గుట్టల్లో పోగొట్టుకున్నాం. ఐదో రోజు మధ్యాహ్నం ముళ్లపొదల కింద అది పడుకుని కనబడింది. గాలి మా వైపే వీస్తోంది. ఆ కుళ్లు వాసన నాకు ఇప్పటికీ ముక్కులోంచి పోలేదు. యాభై అడుగులు కూడా లేదు. చెంజెరై గురిపెట్టి మీట నొక్కాడు. టక్కుమంది, అంతే. తూటా పేలలేదు. రెండేళ్లుగా కొత్తవి కొన్నవాళ్లు లేరు, పాతవి చెమటకూ తేమకూ నాని ఉన్నాయి. అతను రెండోది ఎక్కించేలోపు సింహం పొదల అవతలికి జారిపోయింది. ఆరో రోజు దాని జాడే దొరకలేదు.

ఆ రోజు సూర్యుడు వాలుతుండగా అతను నా దగ్గరికొచ్చాడు. "పద ఫిలెమోన్, అక్కతో చెప్పేద్దాం. ఏమైతే అదవుతుంది." నా గుండె మీద బరువు దిగినట్టయింది.

వెళ్లేసరికి తల్లీ కొడుకులిద్దరూ బీరు వడగడుతున్నారు. ఫుంగై బుట్ట పట్టుకున్నాడు, ఆమె పోస్తోంది. వాడేదో అంటే ఆమె నవ్వుతూ గరిటెతో వాడి భుజం మీద ఒకటిచ్చింది. తమ్ముణ్ణి చూసి కోపమంతా మరిచి, "రా రా, సమయానికొచ్చావు. రుచి చూడు" అని బుర్ర అందించింది. చెంజెరై చప్పట్లు కొట్టి పుచ్చుకుని తాగాడు. మళ్లీ చప్పట్లు కొట్టాడు. నేను అతని మోచేతిని పొడిచాను.

"అక్కా" అన్నాడు. "రేపు నువ్వెళ్లకు. నేను పట్టుకెళ్తాను."

"బూట్లేసుకునా? మగాళ్లు పట్టుకెళ్లేది కాదది, తెలీదూ?"

"అయితే నీ వెంట వస్తాను. ఎండ వచ్చాక వెళ్దాం. తుపాకి తెచ్చుకుంటా."

ఆమె నవ్వు ఆగిపోయింది. "తుపాకా? పెద్దాయన ముందుకి?"

"ఊరికే, తోడుగా."

"సరేలే. ఎండ వచ్చాకే వెళ్దాం" అంది ఆమె.

అంతే. ఇంకేమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. దారిలో అతను, "ఒప్పుకుందిగా, రేపు దాని పని నేను చూసుకుంటాను" అన్నాడు. నేను తలూపాను.

తెల్లారి ఎండ పొదలకింకా తగలకముందే మేం వెళ్లాం. ఇంట్లో ఆమె లేదు. తుపాకితో వస్తానన్నాడు కదా, అందుకే మసకచీకట్లోనే ఒక్కతే బయల్దేరి వెళ్లిపోయింది. ఏటి రేవు అవతల ఆమె చెప్పులు పక్కపక్కనే విడిచి ఉన్నాయి. అక్కడినుంచి పది అడుగుల్లో బీరు బుర్ర నేల మీద నిలబెట్టినట్టే ఉంది, చుక్క ఒలకలేదు. పక్కన నశ్యం డబ్బా మూత తీసి ఉంది. ఇసుకలో ఆమె మోకాళ్ల గుంటలు రెండు. ఆ తర్వాత ఈడ్చుకుపోయిన చార.

దాని చివర ఏముందో నేను రాయను. సింహం అక్కడే, నీడలో ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. చెంజెరై రెండు తూటాలు కాల్చాడు, రెండూ పేలాయి. అప్పుడు ఎందుకు పేలాలి అవి? ఐదో రోజున పేలకూడదా? ఆ మాటే గట్టిగా అరిచాను, ఎవరిమీద అరిచానో తెలియదు.

చెంజెరై సింహం పక్కన కూర్చున్నాడు. జూలు పాయలు తీసి చూశాడు. తీగ మాంసంలోకి దిగిపోయి, పైన చర్మం మూసుకుంటోంది. కత్తితో కోసి తీశాడు, అక్కడక్కడా నల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. తుపాకి చప్పుడుకు ఊరు పరుగెత్తుకొస్తున్న అలికిడి వినబడింది.

"చూపించన్నా అందరికీ" అన్నాను. "లేకపోతే పెద్దాయన్ని చంపావంటారు."

"అననీ. ఈ కన్ను ఫుంగై చూస్తే? వాళ్లమ్మను ఎవరు చంపారో వాడికి తెలిసిపోతుంది. ఆ బరువుతో వాడు బతకగలడా? నువ్వు చూడలేదు, నేను చూడలేదు." తీగను చుట్టి చొక్కాలోపల దోపుకున్నాడు.

అన్నారు, అన్నీ అన్నారు. పెద్దాయనకు ఎవరిమీదో కోపం వచ్చి ఆమెను తీసుకున్నాడనీ, ఆ కోపం తీరకముందే తమ్ముడు ఆయన్ని కాల్చేశాడనీ, ఇక వానలు రావనీ. ఊరిపెద్ద మేకల్ని దండుగ వేశాడు. చెంజెరై కట్టాడు. ఫుంగై వచ్చి అతని పక్కన కూలబడి, "మామా, అమ్మ చప్పట్లు కొట్టే ఉంటుంది కదా. చెప్పులు కూడా విడిచింది. ఎందుకు చంపింది అది? మనం ఏం తప్పు చేశాం?" అన్నాడు.

"ముసలిదైపోయిందిరా. పళ్లరిగిపోయి ఉంటాయి" అన్నాడు చెంజెరై.

చావుకొచ్చిన జనానికి ఫుంగై దండిగా మాంసం పెట్టాడు. తల్లి చావుకు లోటు రాకూడదని మూడు జింకల్ని తెచ్చాడు. ఎలా తెచ్చాడని ఎవరూ అడగలేదు, అందరూ తిన్నారు. చెంజెరై తన ముందు పెట్టిన ముక్కను చూస్తూ కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచాడు.

వానలు ఆలస్యంగానైనా వచ్చాయి. అవి తగ్గాక, మేం మళ్లీ నడవడం మొదలుపెట్టిన వారానికి, ఏటి రేవుకు ఎగువన ఒక తీగ దొరికింది. మూడు కుడికి, ఒకటి వెనక్కి. దాని పక్కనుంచి ఆడ సింహం అడుగులూ, రెండు పిల్లల అడుగులూ ఉన్నాయి. ముందు రాత్రే పడినవి, మెత్తటి మట్టిలో స్పష్టంగా ఉన్నాయి. తీగకు బెత్తెడు దూరంలో తప్పుకుని పోయాయి. అక్కడినుంచి ఊళ్లో ఆడవాళ్ల గొంతులు వినబడుతున్నాయి. చెంజెరై ఆ తీగ విప్పి తీశాడు.

"నేను నోరు మూసుకున్నది చాలు ఫిలెమోన్" అన్నాడు.

ఆ నెలాఖరున ముచనేత వస్తువులు పంచారు. ఆడమనిషి వస్తువులు పుట్టింటివాళ్లవి మా దగ్గర, తమ్ముడే చాప మీద కూర్చుని పంచాలి. వెలివేసినా ఆ పనికి మాత్రం అతన్ని పిలవక తప్పలేదు. వాకిలి నిండా బంధువులు. కుండలు ఒకరికి, పార ఒకరికి, రవికలు ఆడపిల్లలకి. ఒక్కొక్కరూ వచ్చి చప్పట్లు కొట్టి, పుచ్చుకుని, మళ్లీ కొట్టి వెళ్తున్నారు. చివరికి ఆమె తలకు చుట్టుకునే నీలం గుడ్డ ఒక్కటి మిగిలింది, మూటకట్టి ఉంది.

"ఫుంగై, ఇటు రా. ఇది నీది."

వాడు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, చప్పట్లు కొట్టి, దోసిలి పట్టాడు. మూట విప్పితే పైన తల్లి నశ్యం డబ్బా ఉంది. దాన్ని కళ్లకద్దుకున్నాడు. దాని కింద తీగ చుట్ట.

వాడు మామ వైపు చూసి కొంచెం నవ్వాడు. "ఏంటి మామా, నా గుమ్మంలో కూడా తీగ పెడుతున్నావా? మొదటిసారేగా, బేడీలు లేవుగా?"

చెంజెరై నవ్వలేదు. ఫుంగై బొటనవేలు దానంతటదే తీగ చివరికి పోయింది. కన్ను దగ్గర ఆగింది. కుడికి, కుడికి, కుడికి, వెనక్కి. తర్వాత ఆ వేలికి నల్లటి వెంట్రుక ఒకటి తగిలింది. దాన్ని వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"ఇది ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"పెద్దాయన మెడలో" అన్నాడు చెంజెరై. వాడికి మాత్రమే వినబడేంత మెల్లగా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

మిగతావాళ్లకు ఏమీ అర్థం కాలేదు. పుచ్చుకున్నాక కొట్టవలసిన చప్పట్ల కోసం వాకిలంతా ఎదురుచూస్తోంది. వెనకనుంచి ఒక ముసలావిడ విసుక్కుంది. "ఏరా, అమ్మ వస్తువు ముట్టిందిగా? చప్పట్లేవి?"

ఫుంగై చేతులు రెండూ ఆ తీగ మీదే ఉండిపోయాయి.